ఇంట్లో చెడ్డ, వీధిలో కెట్ట: భాషాశాస్త్రం డిగ్రీలో ఏం చదువుతారు?

చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకు ఎవరూ నేర్పకుండానే పట్టుబడే సంగతులు కొన్ని ఉంటాయి. ఇంట్లో చెడ్డవాడు వీధిలో కెట్టవన్ అవుతాడు. ఇంట్లో చిలుక, వీధిలో కిళి. తెలుగులో చ ఉన్నచోట తమిళంలో క పెడితే సరిపోతుందనిపిస్తుంది. కానీ అదే పిల్లలు 'చేయు' అనే క్రియ దగ్గరికి వచ్చేసరికి 'కెయ్' అనరు, 'సెయ్' అంటారు. చెవికి తమిళ పుస్తకాల్లో కనిపించే మాట 'సెవి', 'కెవి' కాదు. ఒకచోట క, ఇంకోచోట స. దీనికి లెక్క ఏమైనా ఉందా, లేక ఏ మాటకు ఆ మాట బట్టీ పట్టాల్సిందేనా?

భాషాశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీలో చేరినవారికి ఎదురయ్యే ప్రశ్నలు ఈ తరహావి. నాలుగైదు భాషలు నేర్పే కోర్సు అనుకుని చేరేవారూ ఉన్నారు, తప్పులు దిద్దే వ్యాకరణం అనుకుని వద్దనేవారూ ఉన్నారు. అందుకే కోర్సుల పేర్లు, కాలేజీల పేర్లు తర్వాత చూద్దాం. ముందు ఈ చ-క లెక్కను చివరిదాకా చేస్తే, అక్కడ చేయించే పని ఎలాంటిదో తెలుస్తుంది.

బెంగళూరులో బంధువులున్నవారు కన్నడ మాటలను కూడా పక్కన పెట్టుకోవచ్చు. చెవికి కన్నడంలో కివి. చెరువుకు కెరె. చెడ్డకు కెట్ట. చిలుకకు గిళి. 'చేయు'కు పాత కన్నడంలో గెయ్. వీటిలో ఎక్కడా చ రాలేదు; క, కాకపోతే దాని పక్కనే ఉండే గ. తెలుగులో అన్నిచోట్లా చ. ఈ రెండు భాషలూ పేచీ పెట్టవు. పేచీ అంతా తమిళంతోనే.

ఇప్పుడు చూడాల్సింది మొదటి హల్లును కాదు, దాని వెనకాల వచ్చేవాటిని. ఈ మాటలన్నిటిలో మొదటి హల్లు తర్వాత ఇ, ఈ, ఎ, ఏలలో ఏదో ఒక అచ్చు ఉంది. ఈ అచ్చులు పలికేటప్పుడు నాలుక ముందు భాగం అంగిలి వైపు లేస్తుంది. వెనకెక్కడో పుట్టాల్సిన క ఆ ఊపులో ముందుకు జరిగి చ అవుతుంది. దీన్ని తాలవ్యీకరణం అంటారు. తెలుగు దేశ్య పదాల్లో ఈ మార్పు అడ్డూ అదుపూ లేకుండా జరిగింది. కన్నడంలో జరగలేదు. తమిళంలో జరిగింది గానీ ఒక షరతు మీద జరిగింది: అచ్చు తర్వాత ట, ణ, ళ వంటి మూర్ధన్యాలు, అంటే నాలుకను వెనక్కి మడిచి పలికే హల్లులు ఉంటే మార్పు ఆగిపోయింది. కెట్టలో ట్ట ఉంది. కిళిలో ళ ఉంది. చెన్నైలో రోజూ చెవిన పడే కిణఱు (బావి), కీళ్ (కింద), కేళ్ (అడుగు, విను) అన్నిటిలోనూ క నిలబడింది, అన్నిటిలోనూ వెనకాల మూర్ధన్యం ఉంది. సెయ్, సెవి మాటల్లో ఉన్నవి య, వ. అక్కడ అడ్డుకునేది ఏదీ లేదు కాబట్టి క కాస్తా చ అయింది. పదం మొదట్లో ఆ చ ఇప్పటి తమిళుల నోట స లాగా వినిపిస్తుంది, అంతే.

పని అయిపోయిందనుకునే లోపల కీరై అడ్డం వస్తుంది. ఆకుకూరను తమిళంలో కీరై అంటారు. ఇందులో మూర్ధన్యం లేదు, అయినా క చెక్కుచెదరలేదు. అరువు మాటా? మార్పు జరిగిపోయిన తర్వాత వచ్చి చేరిందా? సూత్రాన్నే ఇంకాస్త సవరించాలా? మంచి అధ్యాపకులు మార్కులు వేసేది ఇక్కడే. సూత్రం చెప్పినందుకు కొన్ని, దానికి లొంగని మాటను దాచిపెట్టకుండా బయటికి తీసి నిలదీసినందుకు మరికొన్ని.

ఇంకో చిక్కు చూడండి. హస్తాన్ని తెలుగులో చేయి అంటాం, తమిళ కన్నడాల్లో కై అంటారు. తమిళంలో మూర్ధన్యం అడ్డు లేదు కదా, 'సై' ఎందుకు కాలేదు? ఎందుకంటే మూల పదం 'కయ్'. అందులో క పక్కన ఉన్నది ఎ కాదు, అ. పక్కన అ ఉంటే క మారదు. తెలుగులో మాత్రం యకారం ప్రభావంతో ఆ అ ముందుగా ఎ అయింది, ఆ తర్వాత క వెళ్లి చ అయింది. వరస తిరగబడి ఉంటే ఇవాళ మనం 'కేయి' అని ఉండేవాళ్లం. రాతకు దొరకని కాలంలో జరిగిన రెండు మార్పుల్లో ఏది ముందు, ఏది వెనక అని ఒక్క మాటను పట్టుకుని చెప్పగలగడం! ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఈ పద్ధతికి చెన్నైతో దగ్గరి చుట్టరికం ఉంది. నుంగంబాక్కంలోని కాలేజీ రోడ్డు మీద రోజూ ఎంతోమంది తిరుగుతుంటారు. అది ఏ కాలేజీ అని అడిగేవారు అరుదు. ఈస్టిండియా కంపెనీ తన కుర్ర ఉద్యోగులకు దక్షిణాది భాషలు నేర్పడానికి 1812లో పెట్టిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల వల్ల వచ్చిన పేరది. ఆ కళాశాల ఉన్నచోట ఇప్పుడు విద్యాశాఖ కార్యాలయాలున్నాయి, ఆ ఆవరణను జనం డీపీఐ అంటారు. ఆ కళాశాలకు పెద్దదిక్కుగా ఉన్నవాడు మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. దక్షిణాది భాషలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయని కలకత్తా వైపు పండితులు రాస్తున్న రోజులవి. ఎ.డి. క్యాంబెల్ ఇంగ్లిషులో రాసిన తెలుగు వ్యాకరణానికి 1816లో ఎల్లిస్ ఒక ప్రస్తావన జోడించాడు. తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పేర్చి, ఇవి ఒకే కుదురువని, ఆ కుదురు సంస్కృతం కాదని చూపించాడు. ద్రావిడ భాషల మీద కాల్డ్వెల్ రాసిన ప్రసిద్ధ వ్యాకరణం వచ్చింది 1856లో, అంటే మరో నలభై ఏళ్లకు.

ఎల్లిస్ అదంతా ఒంటరిగా చేయలేదు. కళాశాలలో తెలుగు పండితుడైన పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టిక ఆయనకు ఆధారం. మచిలీపట్నం మామిడి వెంకయ్య తన నిఘంటువు పీఠికలో చెప్పిన తత్సమ, తద్భవ, దేశ్య విభజన కూడా ఆయనకు అక్కరకు వచ్చింది. సంస్కృతం నుంచి వచ్చినవాటిని మన వ్యాకర్తలు అప్పటికే ఒక పక్కకు తీసి పెట్టారు. మిగిలిన దేశ్యాలనే పొరుగు భాషలతో పోల్చాలని ఎల్లిస్‌కు తోచింది. అలా ద్రావిడ భాషాకుటుంబానికి అచ్చులోకి వచ్చిన తొలి రుజువు, ఒక తెలుగు వ్యాకరణం ముందు పేజీల్లో, తెలుగు పండితుల సరంజామాతో, మద్రాసులో వెలువడింది. ఏ భాష పెద్దది అని తమిళ మిత్రులతో గొంతు చించుకునే మనవారు ఈ సంగతి మాత్రం ఎత్తరు.

చుట్టరికాల మాట వచ్చింది కాబట్టి మరొకటి. లిపి చూసి కన్నడమే తెలుగుకు తోబుట్టువు అనుకోవడం మనకు అలవాటు. లిపి దారి వేరు, భాష దారి వేరు. భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) వర్గీకరణలో కన్నడం తమిళ మలయాళాలతో కలిసి దక్షిణ శాఖలో ఉంటుంది. తెలుగు గోండి, కొండ, కువి భాషలతో కలిసి దక్షిణ మధ్య శాఖలో ఉంటుంది. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టిన ఆచార్యుడు ఆయన. ద్రావిడ భాషల మీద 2003లో వచ్చిన ఆయన బృహద్గ్రంథం ఇప్పటికీ ఈ రంగంలో మొదట తీసే పుస్తకం. ఆ వర్గీకరణకు ఒక రుజువు మన వంటింట్లోనే ఉంది. తమిళంలో ఉరల్, కన్నడంలో ఒరళు, తెలుగులో రోలు. తమిళంలో ఇరండు, కన్నడంలో ఎరడు, తెలుగులో రెండు, గోండిలో రండ్. మాట నడుమ ఉన్న రకారం ముందుకు దూకింది. ఈ వర్ణవ్యత్యయం తెలుగులోనూ దాని శాఖ భాషల్లోనూ కనిపిస్తుంది, కన్నడంలో కనిపించదు.

మరి కోయంబేడు మార్కెట్టులో తమిళులు కూడా 'రెండు' అనే అంటారు కదా? అంటారు. అది వాడుకలో మొదటి అచ్చు జారిపోవడం వల్ల వేరుగా వచ్చి చేరిన పోలిక. అలాగైతే ఉరల్ కూడా వారి నోట రోలు కావాలి, కాలేదు. ఒక్క మాట కలిసిందని చుట్టరికం కలిపేయకూడదు; వరసగా పది మాటలు ఒకే తీరున నడవాలి. ప్రపంచ భాషలన్నీ మా భాషలోంచే పుట్టాయని ఫోన్లలో చక్కర్లు కొట్టే సందేశాలు నిలబడనిది ఈ పరీక్ష దగ్గరే.

ఇదంతా చరిత్ర భాగం. డిగ్రీలో దీనికి దక్కేది ఒకటో రెండో పేపర్లు. మిగతా చదువంతా ఇప్పుడు మన నోట నడుస్తున్న భాష గురించే.

ధ్వనిశాస్త్రంతో మొదలుపెడతారు. నోట్లో ఏ ధ్వని ఎక్కడ పుడుతుంది, దాన్ని ఏ భాషకూ చెందని గుర్తులతో ఎలా రాయాలి, ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మన గొంతునే తరంగాలుగా ఎలా చూడాలి. కొంత అభ్యాసం, కొంత ఓపిక. అసలు ఆట దాని తర్వాతి మెట్టు, వర్ణశాస్త్రంలో ఉంది. ఏ ధ్వనుల తేడాను ఒక భాష వేర్వేరు వర్ణాలుగా లెక్కలోకి తీసుకుంటుందో, దేన్ని తీసుకోదో చూసేది ఇది.

తెలుగు చనే తీసుకుందాం. చిలుక, చెట్టు, చేప అనండి. ఆ వెంటనే చలి, చాప, చూపు అనండి. పెద్దవాళ్ల నోట ఇవి ఒకే చ కాదు. మొదటి మూడింటిలో నాలుక అంగిలికి తగులుతుంది, తర్వాతి మూడింటిలో పళ్ల వెనక తగిలి త్స లాంటి ధ్వని వస్తుంది. పాత పుస్తకాల్లో ఈ రెండోదానిపై గుర్తు పెట్టి ౘలి, ౘాప అని రాసేవారు. మద్రాసులోనే తెలుగు పండితుడిగా పనిచేసిన పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఈ తాలవ్య, దంత్య భేదాన్ని సూత్రాల్లో పెట్టాడు. ఇప్పుడు విద్యార్థికి వేసే ప్రశ్న: తెలుగులో ఉన్నవి రెండు వర్ణాలా, ఒకే వర్ణానికి రెండు రూపాలా?

పై ఉదాహరణలు చూస్తే ఒకటే అనిపిస్తుంది. ఇ, ఈ, ఎ, ఏల ముందు తాలవ్యం, మిగతా అచ్చుల ముందు దంత్యం. ఎక్కడ ఏది వస్తుందో ముందే చెప్పగలిగితే అవి ఒకే వర్ణానికి సవర్ణాలు. కానీ చంద్రుడు, చరిత్ర అనేటప్పుడు అ ముందు కూడా తాలవ్యమే పలుకుతాం. జడలో దంత్య జ, జనంలో తాలవ్య జ. సంస్కృత పదాలు వచ్చి పాత లెక్కను చెరిపేశాయి. అప్పుడు రెండు వర్ణాలనాలా? లేక తెలుగు పదకోశంలో రెండు పొరలున్నాయని, ఒక్కో పొరకు ఒక్కో నియమమని అనాలా? రెండు వైపులా వాదించవచ్చు. ఇక తమిళంలో ఈ దంత్య చ లేదు కాబట్టి, చెన్నైలో పెరిగినవారిలో కొందరి నోట చలి, చాప కూడా తాలవ్యంగానే వస్తాయి. వారి తెలుగులో సమస్యే లేదు: ఒకే చ. ఊరి నుంచి వచ్చిన తాతయ్య దాన్ని తప్పంటాడు. భాషాశాస్త్ర విద్యార్థి దాన్ని మరో తెలుగు అని రాసుకుంటాడు, తాతయ్య తెలుగుకీ దీనికీ ఎక్కడెక్కడ తేడా ఉందో పట్టిక వేస్తాడు. తాతయ్యతో వాదన పెట్టుకోవాలని సిలబస్ చెప్పదు.

పదనిర్మాణం పేపరులో తెలుగువారికి పండగే. బడికి, ఇంటికి అంటాం. నాకు, చెట్టుకు అంటాం. ముందు ఇకారం ఉంటే కి, లేకపోతే కు. ఐదేళ్ల పిల్లలు కూడా దీన్ని తప్పరు. అడిగితే పెద్దవారు కూడా కారణం చెప్పలేరు. తెలిసి ఉండటానికీ చెప్పగలగడానికీ మధ్య ఉన్న ఈ ఖాళీలోనే ఈ శాస్త్రం బతుకుతుంది. 'చేయించుకోలేకపోయారు' అనే మాటను విప్పి చూడండి. చేయు అనే ధాతువు. మరొకరి చేత చేయిస్తే ఇంచు. ఆ పని తమకోసమే అయితే కొను. కుదరకపోతే లేక. దాని మీద పో. చివర భూతకాలం, ఎవరో చెప్పే ప్రత్యయం. ఆధార్ కార్డులో పేరు సరి చేయించుకోలేకపోయారు అంటే, పని ఒకటి, చేయాల్సినవాడు ఒకడు, ఫలం మరొకరికి, ఫలితం సున్నా, అన్నీ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఏ ముక్కా చోటు మారదు. 'చేసుకోయించ' అని ఏ తెలుగువాడి నోటా రాదు. ఎందుకు రాదు? ప్రేరణ, లబ్ధి, నిషేధం ఈ వరసలోనే ఎందుకుండాలి? వేరే భాషల్లోనూ ఇదే వరస ఉందా? సెమిస్టరు పొడవునా ఆడుకోవడానికి ఈ ఒక్క క్రియ చాలు.

వాక్యనిర్మాణం మన విద్యార్థులను ఎక్కువగా బెదరగొట్టే పేపరు. పాఠ్యపుస్తకాలు ఇంగ్లిషు వాక్యాలతో చెట్టు బొమ్మలు గీయిస్తాయి. అందులో క్రియ నడిమధ్యన ఉంటుంది, మనకు చివర ఉంటుంది. అధ్యాపకులు తెలుగు, తమిళ వాక్యాలతో చెప్పగలిగితే భయం పోతుంది. ఉదాహరణకు 'అని'. వస్తానని చెప్పాడు, వాన పడుతుందని గొడుగు తెచ్చాడు, రాముడని ఒక రాజు, ధన్‌మని పడ్డాడు. చెప్పడం, కారణం, పేరు, చప్పుడు, అన్నిటికీ ఒక్క అనియే. తమిళ 'ఎన్ఱు', కన్నడ 'అంత' దాదాపు ఇవే పనులు చేస్తాయి. అలాగే కాఫీ గీఫీ, పులి గిలి అని మనం అన్నట్టే తమిళులు పులి కిలి అంటారు, కన్నడిగులు హులి గిలి అంటారు. ఒకే కుటుంబం కాని భాషలు కూడా పక్కపక్కన బతికి ఇలాంటి పోలికలు పెంచుకుంటాయని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1956లో భారతదేశాన్నే ఒక భాషా ప్రాంతంగా వర్ణించాడు.

ఆపైన అర్థవిజ్ఞానం ఉంటుంది. అర్థశాస్త్రం కాదు, అది డబ్బు సంగతి. దరఖాస్తులు నింపేటప్పుడు జాగ్రత్త. మనం, మేము రెండూ 'నేనూ ఇంకొందరూ' అనే చెబుతాయి. ఎదుటివారిని కలుపుకున్నామా లేదా అన్నదే తేడా. తమిళంలోనూ ఈ భేదం ఉంది, నేటి కన్నడంలో రెండిటికీ ఒక్క నావు చాలు.

నా దృష్టిలో మహానగర విద్యార్థికి ఎక్కువ పనికొచ్చేది సమాజ భాషాశాస్త్రం. చెన్నై తెలుగు కలగాపులగమని మనవారే వెక్కిరిస్తుంటారు. ఆ కలగాపులగాన్ని దగ్గరగా చూడండి. కాల్ చేశాడు, మిస్ అయ్యాడు, స్టార్ట్ చేశాడు, స్టార్ట్ అయింది. ఇంగ్లిషు క్రియకు తెలుగు ప్రత్యయాన్ని నేరుగా తగిలించి 'కాలాడు', 'మిస్సాడు' అని ఎవరూ అనరు. మధ్యలో చేయు గానీ అవు గానీ రావాల్సిందే, వాటిలోనూ కర్త చేసిన పనికి ఒకటి, దానంతట అది జరిగినదానికి మరొకటి. తమిళుడు అదే చోట పణ్ణు పెడతాడు, కన్నడిగుడు మాడు పెడతాడు. మూడు భాషల ఇంగ్లిషు కలగలుపు ఒకే నియమం మీద నడుస్తోంది. నియమం ఉన్నదాన్ని చెత్త అనడం కష్టం.

భాష ఏది, మాండలికం ఏది అన్న గొడవ కూడా ఇక్కడే తేలుతుంది, నిజానికి తేలదు. 2011 జనాభా లెక్కల్లో మాతృభాష ఏమిటని అడిగితే జనం చెప్పిన పేర్లు 19,569. వాటిని వడపోస్తే 1,369 మాతృభాషలు మిగిలాయి. వాటిని పెద్ద పేర్ల కింద చేర్చి, పదివేలకు పైగా మాట్లాడేవారున్నవాటిని లెక్కిస్తే 121 భాషలయ్యాయి. తెలుగు అన్న గంపలో 8.11 కోట్ల మంది ఉన్నారు. ఏ పేరును ఏ గంపలో వేయాలన్న నిర్ణయంలో శాస్త్రం కొంత, పరిపాలన సౌకర్యం కొంత.

ఇక చదువు ఎక్కడ? చెన్నై కాలేజీల జాబితాలో బీకాం కనిపించినంత సులువుగా ఇది కనిపించదు. చాలాచోట్ల బీఏ ఇంగ్లిషులోనో, ఎంఏ తెలుగులోనో ఒక పేపరుగా మాత్రమే తగులుతుంది. డిగ్రీ స్థాయి నుంచే కావాలంటే ఊరు దాటాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్లస్ టూ తర్వాత భాషా విజ్ఞానాల్లో ఐదేళ్ల సమీకృత ఎంఏ ఉంది. బనారస్ హిందూ, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయాల్లో బీఏ స్థాయిలోనే భాషాశాస్త్రం తీసుకోవచ్చు. కంప్యూటర్ మీద మక్కువ ఉంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాదులో కంప్యూటర్ సైన్సు బీటెక్‌తో పాటు గణన భాషాశాస్త్రంలో పరిశోధక ఎంఎస్ కలిపి ఇచ్చే ద్వంద్వ డిగ్రీ ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలు 2022 నుంచి చాలావరకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతున్నాయి, కాబట్టి ప్లస్ టూ చదివేటప్పుడే తేదీలు చూసుకోవాలి.

అసలు డిగ్రీలోనే తప్పనిసరా అంటే, కాదనే నా అభిప్రాయం. ఎంఏకు వెళ్లేటప్పుడు ఈ సబ్జెక్టులో వేరే డిగ్రీలవారిని కూడా తీసుకునే విభాగాలు ఉన్నాయి. చిదంబరంలోని అన్నామలై, హైదరాబాదులోని ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), పుణెలోని డెక్కన్ కాలేజీ పాత పేర్లు. చెన్నై-బెంగళూరు మధ్య కుప్పంలో 1997లో వచ్చిన ద్రావిడ విశ్వవిద్యాలయంలో ద్రావిడ, గణన భాషాశాస్త్రాలకు ప్రత్యేక విభాగం ఉంది. చెన్నైలోనే గణాంకశాస్త్రమో, మనస్తత్వశాస్త్రమో, కంప్యూటర్ సైన్సో, సాహిత్యమో చదివి ఆ తర్వాత ఇటు తిరిగినవారు నష్టపోరు. డిగ్రీలోనే చేరితే లాభం ఒకటుంది: కీరై లాంటి మాటలతో కుస్తీ పట్టే అలవాటు చిన్న వయసులోనే వస్తుంది. ఆ అలవాటు రావాలంటే విభాగం మంచిదై ఉండాలి. నిర్వచనాలు చెప్పి, వాటినే పరీక్షలో రాయించే చోట ఐదేళ్లున్నా రాదు.

ఉద్యోగాల విషయంలో తీపి కబుర్లు చెప్పను. బోధన వైపు వెళ్లాలంటే అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో భాషాశాస్త్రం పేపరుంది, కానీ విభాగాలు కొన్నే కాబట్టి ఖాళీలూ కొన్నే. మైసూరులో 1969 నుంచి ఉన్న భారతీయ భాషల కేంద్ర సంస్థలో ప్రాజెక్టు పనులు వస్తుంటాయి. నిఘంటువులు, అనువాదం, పాఠ్యపుస్తకాలు ఉండనే ఉన్నాయి, వాటి పారితోషికాలు లోకానికి తెలిసినవే.

కంప్యూటర్ రంగంలో గిరాకీ పెరిగిన మాట నిజం. యంత్రానికి తెలుగు నేర్పడంలో 'చేయించుకోలేకపోయారు' లాంటి మాటలే పెద్ద పీట. ఒక ధాతువుకు వందల రూపాలు. అన్నీ యంత్రం చదివిన పాఠాల్లో ఉండవు. వాటిని ఎక్కడ విరగ్గొట్టాలో తెలిసినవారు కావాలి. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ పరిశోధన బృందం భారతీయ భాషల కోసం అనువాద నమూనాలు, మాటల రికార్డింగుల భాండాగారాలు తయారు చేస్తోంది; యంత్రాలతో భారతీయ భాషల అనువాదం కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన భాషిణి కార్యక్రమం 2022లో మొదలైంది. అయితే ఈ రంగంలో రెండు అంతస్తులున్నాయి. కింది అంతస్తులో వాక్యాలకు గుర్తులు పెట్టే పని, రోజుకిన్ని అని లెక్క. దానికి తెలుగు వస్తే చాలు, భాషాశాస్త్రం అక్కర్లేదు, జీతం కూడా అలాగే ఉంటుంది. పై అంతస్తుకు వెళ్లాలంటే ప్రోగ్రామింగ్, గణాంకాలు వచ్చి ఉండాలి. 'భాషానిపుణులు కావాలి' అన్న ప్రకటన చూడగానే అది ఏ అంతస్తు ఉద్యోగమో కనుక్కోవాలి.

ఎవరూ పెద్దగా చెప్పని దారి ఒకటుంది, వాక్ చికిత్స. మాట ఆలస్యమైన పిల్లలు, పక్షవాతంతో మాట పోయినవారు, నత్తి ఉన్నవారు వాక్ చికిత్సకుల దగ్గరికి వస్తారు. దీనికి వేరే డిగ్రీ ఉంది, బీఏఎస్ఎల్పీ: మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దీనికి పెట్టింది పేరు; చెన్నైలో పోరూరులోని శ్రీరామచంద్ర సంస్థలో కూడా ఉంది. ప్లస్ టూలో సైన్సు చదివి ఉండాలి, ప్రాక్టీసుకు భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. ఇంట్లో తెలుగు, బయట తమిళం, బడిలో ఇంగ్లిషు ఉన్న బిడ్డ రెండేళ్లకు మాటలు కలిపేస్తుంటే అది లోపమా, మూడు భాషల పిల్లల్లో మామూలుగా జరిగేదేనా? ఈ భేదం తెలియక, ఇంట్లో తెలుగు మానేయండి అని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. తెలుగు, తమిళం రెండూ వచ్చిన చికిత్సకులకు ఈ నగరంలో పనికి కొదవ ఉండదు.

చేరాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. బడి పిల్లల కోసం దేశంలో పాణిని భాషాశాస్త్ర ఒలింపియాడ్ జరుగుతుంది; 2003లో బల్గేరియాలో మొదలైన అంతర్జాతీయ ఒలింపియాడ్‌కు మన జట్టును అక్కడి నుంచే ఎంపిక చేస్తారు. 2016లో ఆ అంతర్జాతీయ పోటీ మైసూరులోనే జరిగింది. పాత ప్రశ్నపత్రాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎప్పుడూ వినని భాషలో పది వాక్యాలు, వాటి అర్థాలు ఇస్తారు. పదకొండోది మీరు చెప్పాలి. ముందుగా ఏ భాషా రానక్కర్లేదు. రెండు గంటలు దాంతో తలపడి, అన్నం వేళ దాటినా లేవబుద్ధి కాకపోతే చేరవచ్చు. పావుగంటకే విసుగొస్తే సాహిత్యమో, అనువాదమో చదవడం మేలు. అవి దీనికంటే తక్కువవేమీ కావు.

చేరే ముందు విభాగానికి వెళ్లి రెండు మూడు సంగతులు అడగాలి. క్షేత్ర పర్యటన ఉందా, ఉంటే ఏ భాషా సమాజం దగ్గరికి? ధ్వని ప్రయోగశాల తలుపు విద్యార్థులకు తెరుస్తారా, తనిఖీల రోజుకేనా? ఏ భాషల ఉదాహరణలతో పాఠం చెబుతారు? వీటికి సూటిగా జవాబు రాకపోతే ప్రాస్పెక్టస్ ఎంత మెరిసినా నమ్మవద్దు. ప్లస్ టూలో గణితం ఉన్నవారు డిగ్రీలో దాన్ని పూర్తిగా వదిలేయకుండా ఒక గణాంకాల పేపరైనా తీసుకుంటే ధ్వని కొలతల దగ్గర, కంప్యూటర్ పనుల దగ్గర ఊపిరాడుతుంది. ట్రిపుల్ ఐటీ ద్వంద్వ డిగ్రీ మీద కన్నుంటే మాత్రం ప్లస్ టూలోనే గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు ఉండి తీరాలి. ఆ గ్రూపు నిర్ణయం పదో తరగతి కాగానే జరిగిపోతుంది.